ఆగగలిగిన వాళ్లదే ధర
కరోనా కాలంలో పడుపు వృత్తి: గిరాకీ, రేటు, మిగులు – ఒక సమీక్ష

2020 మార్చి చివరి వారంలో పల్నాడు రైతుకి ఒక వెసులుబాటు ఉంది. గుంటూరు మిర్చి యార్డు మూతపడింది, లారీలు ఆగిపోయాయి, కొనేవాడు లేడు. అయినా కల్లంలో ఎండిన కాయను బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి తోలగలిగితే చాలు, ధర వచ్చేదాకా ఆగొచ్చు. అద్దె కట్టుకోవాలి, వడ్డీ పెరుగుతుంది, నిజమే. కానీ బస్తా కుళ్లిపోదు. సత్తెనపల్లి చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు: పంట పండించడం ఒక ఎత్తు, అమ్మకుండా ఆగగలగడం ఇంకో ఎత్తు.

అదే వారంలో అదే రోడ్డు మీద ఇంకో వ్యాపారమూ ఆగిపోయింది. దానికి యార్డు లేదు, కమీషన్ ఏజెంటుకి లైసెన్సు లేదు, ధరల పట్టిక ఏ పేపర్లోనూ రాదు. ఇంగ్లీషు ప్రకటనల్లో దాన్ని ‘ఎస్కార్ట్ సర్వీస్’ అంటారు. కేసు కాగితాల్లో వ్యభిచారం అంటారు. ఎయిడ్స్ నియంత్రణ ప్రాజెక్టుల్లో సెక్స్ వర్క్ అంటారు. అందులో బతికేవాళ్లు అనుకునే మాట మాత్రం చాలా మామూలుది: బేరం. ఇవాళ బేరం ఉంది, ఇవాళ బేరం లేదు. ఆ వృత్తిలో ఒక రోజు సంపాదనను దాచుకునే కోల్డ్ స్టోరేజీ లేదు. పోయిన రోజు పోయినట్టే.

కరోనా ఈ వ్యాపారంలో గిరాకీని, ధరను ఏం చేసింది? దీని మీద వచ్చిన సర్వేలు, కోర్టు ఆదేశాలు, అంతకుముందు నుంచీ ఉన్న ఆర్థిక అధ్యయనాలు కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. ఇక్కడ ధరను నిర్ణయించింది కొనేవాడి కోరిక కన్నా ఎక్కువగా అమ్మేవాళ్లు ఎన్ని రోజులు ఆగగలరన్నదే.

చిన్న ఊరి మార్కెట్

ముందు మార్కెట్ స్వరూపం చెప్పుకోవాలి. ముంబయి కామాఠీపురా, కలకత్తా సోనాగాఛీ లాంటి రెడ్‌లైట్ వాడలు మనకి అలవాటైన బొమ్మ. ఆంధ్ర ప్రాంతపు మార్కెట్ చాలావరకు ఆ బొమ్మలో ఇమడదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, ఈ వృత్తిలో ఉన్నవాళ్లను వాళ్లు పనిచేసే చోటును బట్టి విభజిస్తుంది: ఇంటి దగ్గర చేసేవాళ్లు, వీధిలో నిలబడేవాళ్లు, లాడ్జిల్లో, దాబాల్లో, వేశ్యా గృహాల్లో ఉండేవాళ్లు. మన వైపు మొదటి రెండు రకాలే ఎక్కువ. పక్కింటివాళ్లకి ఆమె కూలికి వెళ్లే మనిషి, లేదా టైలరింగ్ చేసే మనిషి. అది అబద్ధం కూడా కాదు. ఆ పనీ చేస్తుంది, ఈ పనీ చేస్తుంది.

సత్తెనపల్లి 2011 లెక్కల్లో 56 వేల పైచిలుకు జనాభా ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4 నుంచి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఉంది, అంతకుముందు గుంటూరు జిల్లా. గుంటూరు–మాచర్ల రోడ్డు, నడికుడి మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైలు దారి ఈ ఊరి మీదుగానే పోతాయి. పై నుంచి పిడుగురాళ్ల సున్నం, మాచర్ల వైపు సిమెంటు దిగుతాయి. పత్తి తీత అయ్యేసరికి మిర్చి కోత అందుకుంటుంది. బయట జిల్లాల నుంచి కోత కూలీలు వస్తారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ప్రాంతంలో చేతులు మారినంత డబ్బు మిగతా ఏడాదిలో మారదు.

ఇలాంటి ఊళ్లో బేరానికి కావలసినవి మూడు: బస్సు, జనసమ్మర్దం, ముఖం తెలియని మనుషులు. పల్లె నుంచి పట్టణానికి, పట్టణం నుంచి పక్క పట్టణానికి పోవడంలోనే గుట్టు ఉంటుంది. సొంత ఊళ్లో బేరం చేయడానికి చాలామంది ఇష్టపడరు. పొద్దున పదింటి బస్సెక్కి సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి ఇంటికి చేరితే ఎవరికీ అనుమానం రాదు. లాక్‌డౌన్ సరిగ్గా ఈ మూడింటినే తీసేసింది, అదీ ప్రాంతమంతా డబ్బు ఆడే నెలలో.

గిరాకీ ఎలా పడింది

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆర్టీసీ బస్సులు మళ్లీ రోడ్డెక్కింది మే 21న. ప్యాసింజరు రైళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. నరసరావుపేట ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలోనే పేరు మోగిన హాట్‌స్పాట్. సత్తెనపల్లిలోనే ఏప్రిల్ 20న మందుల కోసం బయటికొచ్చిన ఒక యువకుడు చెక్‌పోస్టు దగ్గర పోలీసు దెబ్బలకు చనిపోయాడన్న ఆరోపణ వచ్చింది, ఎస్సైని సస్పెండ్ చేశారు. మందుల చీటీ జేబులో ఉన్నవాడికే ఆ భయం ఉంటే, బయటికి వచ్చిన కారణం నోటితో చెప్పుకోలేని మనిషి తాలూకా సెంటర్ దాటి ఎలా వస్తుంది?

ఐదు రాష్ట్రాల అంకెలూ ఇదే చెప్పాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల్లో 1.2 లక్షల మంది సెక్స్ వర్కర్లను కలుపుకొని చేసిన సర్వేలో 96 శాతం మంది ఆదాయ వనరు పోగొట్టుకున్నారని తేలింది. కలకత్తాకు చెందిన సెక్స్ వర్కర్ల సంఘం దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ తరఫున సుప్రీంకోర్టు ముందుకు వెళ్లిన అంకె ఇది. వందలో తొంభై ఆరు అంటే గిరాకీ తగ్గడం కాదు, మార్కెట్ మొత్తం నేలమట్టం కావడం.

అయితే ‘గిరాకీ పడిపోయింది’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతాయి. మొదటిది, కొనేవాడు రాలేకపోవడం: లారీ డ్రైవరు ఆగిపోయాడు, కోత కూలీ ఊరికి నడిచిపోయాడు. రెండోది, కొనేవాడి జేబు ఖాళీ కావడం. మూడోది, కొనేవాడు భయపడటం. ముట్టుకుంటే వచ్చే జబ్బు కదా. మొదటిది బస్సులతో పాటు తిరిగొస్తుంది. మూడోది మాస్కుతో పాటు పోతుంది. రెండోది ఏళ్ల తరబడి ఉంటుంది. 2020 జూన్ తర్వాత రోడ్లు తెరుచుకున్నా గిరాకీ పాత స్థాయికి రాకపోవడానికి కారణం ఈ రెండోదే. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ పెట్టినప్పుడు, పొద్దున ఆరు గంటలు రోడ్డు తెరిచే ఉంది. కానీ ఆ నెలలో ఇళ్లలో డబ్బు ఆక్సిజన్ సిలిండర్లకీ ఆసుపత్రి బిల్లులకీ పోయింది.

భయం సంగతి కూడా పూర్తిగా జనంలో పుట్టింది కాదు. 2020 మేలో అమెరికాలోని యేల్, హార్వర్డ్ వర్సిటీలతో సంబంధం ఉన్న పరిశోధకుల మోడల్ ఒకటి బయటికొచ్చింది. లాక్‌డౌన్ తర్వాత కూడా రెడ్‌లైట్ ఏరియాలను మూసే ఉంచితే 45 రోజుల వ్యవధిలో కరోనా కేసులు 72 శాతం తగ్గుతాయని దాని సారాంశం. ముంబయి, ఢిల్లీ, నాగ్‌పూర్, కలకత్తా, పుణేలను చూపించారు. సెక్స్ వర్కర్ల సంఘాలు, ప్రజారోగ్య పరిశోధకులు ఈ లెక్కను గట్టిగా తప్పుపట్టారు. ఒక వాడలోని కొన్ని వేల మందిని మూసేస్తే మహానగరం కేసుల్లో ముప్పాతిక భాగం ఎలా మాయమవుతుందన్నది వాళ్ల ప్రశ్న. మన మార్కెట్టుకు వస్తే ఆ లెక్క అసలు అతకనే అతకదు. మూయడానికి ఇక్కడ వాడే లేదు.

పోలికకి మద్యం కొట్టు

అదే సమయంలో ఇంకో ‘చెడ్డ అలవాటు’ ధర ఏమైందో చూడండి. 2020 మే 4న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచారు. ఎండలో కిలోమీటరు పొడుగు క్యూలు. మొదట 25 శాతం పెంచారు, మర్నాడు ఇంకో 50 శాతం. మొత్తం 75 శాతం పెరిగినా క్యూ కరగలేదు. జేబులో డబ్బు లేదన్న మనుషులే ఆ క్యూలో నిలబడ్డారు.

రెండూ ‘సరదాలే’ కదా, ఒకదాని ధర 75 శాతం పెరిగి, రెండో దాని ధర ఎందుకు పడిపోయింది? కొనేవాడు ఇద్దరి దగ్గరా ఒక్కడే. తేడా అమ్మేవాళ్లలో ఉంది. అప్పట్లో మద్యం అమ్మింది సర్కారు: ఒక్కరే అమ్మకందారు, సీసా పాడవదు, నలభై రోజులు దుకాణం మూసినా జీతాలు ఆగవు. బేరం చేసే మనిషి ఒంటరి. ఆమె పక్కన ఇంకో పదిమంది అదే అవసరంతో ఉన్నారు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటింది. ఆగగలిగినవాడు 75 శాతం పెంచాడు, ఆగలేనిది ఇచ్చినంత పుచ్చుకుంది.

ధర గురించి ముందే తెలిసినవి

ఈ వృత్తిలో ధర ఎలా కుదురుతుందన్న దాని మీద ఆర్థికవేత్తలు కరోనాకు ముందే చాలా పనిచేశారు. 2002లో లెనా ఎడ్లుండ్, ఎవలిన్ కోర్న్ ఒక సిద్ధాంతం పెట్టారు: చదువు, నైపుణ్యం పెద్దగా అక్కర్లేని పనికి ఇంత కూలి ఎందుకంటే, అందులో పెళ్లి అవకాశాన్ని, సమాజంలో స్థానాన్ని వదులుకున్నందుకు ఇచ్చే పరిహారం కూడా కలిసి ఉంటుందని. పుస్తకంలో అందంగా ఉంది. మన ఊళ్ల దగ్గరికొస్తే సందేహాలు మొదలవుతాయి. ఇక్కడ చాలామంది పెళ్లయినవాళ్లే, భర్త పోయినవాళ్లే, వదిలేసినవాళ్లే. పరిహారం అడిగే స్థితిలో ఉన్నవాళ్లు తక్కువ.

ఇంకా పనికొచ్చేది కలకత్తా అధ్యయనం. విజయేంద్ర రావు, ఇంద్రాణి గుప్తా, మైకేల్ లోక్షిన్, స్మరజిత్ జానా కలిసి 2003లో ప్రచురించారు. సోనాగాఛీలో కండోమ్ వాడాలని పట్టుబట్టిన మహిళ తన సంపాదనలో 66 నుంచి 79 శాతం దాకా నష్టపోతోందని అందులో తేల్చారు. మెక్సికో మీద 2005లో గెర్ట్లర్, షా, బెర్టోజీ చేసిన పనిలో కండోమ్ లేకుండా ఉంటే 23 శాతం ఎక్కువ ఇస్తున్నారని వచ్చింది. అంటే ఈ మార్కెట్‌లో రేటు అనేది రూపాయల్లో ఒక్కటే కాదు. రేటు తగ్గనివ్వకుండా షరతు వదులుకోవచ్చు, షరతు నిలబెట్టుకుని రేటు వదులుకోవచ్చు. కష్టకాలంలో రేటు అలాగే ఉందని ఎవరైనా చెబితే, షరతు ఏమైందో అడగాలి.

ఈ మాట మన రాష్ట్రానికి ఎక్కువ వర్తిస్తుంది. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్దల్లో హెచ్‌ఐవీ 0.67 శాతం. ఈశాన్య రాష్ట్రాలను పక్కన పెడితే దేశంలో ఇదే ఎక్కువ. లాక్‌డౌన్‌లో ఏఆర్‌టీ అనే హెచ్‌ఐవీ మందులు ఒక్కసారే రెండు మూడు నెలలకి ఇచ్చే ఏర్పాటు నాకో చేసింది, అది మంచి పని. కానీ ప్రాజెక్టు తరఫున తిరిగే పీర్ ఎడ్యుకేటర్ చేతి సంచిలో వచ్చే కండోమ్ ప్యాకెట్ ఆ మనిషి బయటికి రాగలిగితేనే అందుతుంది.

తగ్గింది రేటా, మిగులా?

చర్చ అంతా తప్పుదారి పట్టేది ఇక్కడే. రేటు ఎంత తగ్గిందని అందరూ అడుగుతారు. ఆమె చేతిలో ఎంత మిగిలిందని అడగరు.

ఒక లెక్క వేసుకుందాం. అంకెలు ఊహించినవి, విషయం అర్థం కావడానికే. బేరం వెయ్యికి కుదిరింది. గదికి 300, మధ్యవర్తికి 300, ఆటోకి రానూపోనూ 100. చేతికి 300. ఇప్పుడు కరోనా వచ్చి బేరం 700కి పడింది. గది అద్దె తగ్గదు, లాడ్జి వాడికీ రిస్కు పెరిగింది కాబట్టి పెంచినా పెంచుతాడు. మధ్యవర్తి తన 300 ముందే తీసుకుంటాడు. డీజిలు ధర పెరిగిందని ఆటో వాడు వంద కంటే తగ్గడు. ఏడొందల్లో ఏడొందలూ పోయాయి. బయటివాడికి కనిపించేది రేటు 30 శాతం తగ్గడం. ఆమెకి కనిపించేది నూటికి నూరు శాతం పోవడం.

కౌలు రైతుకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. కౌలు ముందే కట్టాలి, పురుగుమందు కొట్టు బాకీ ముందే తీరాలి. ధర పడితే దెబ్బంతా తన మిగులు మీదే పడుతుంది. అందరి వాటాలూ పోయాక మిగిలింది తీసుకునేవాళ్లే మార్కెట్ పడినప్పుడు మొదట మునుగుతారు.

మునిగినవాళ్లు దేన్ని పట్టుకుని తేలారో కూడా సర్వేలు చెప్పాయి. పుణే బుధవార్ పేఠ్ వాడలో ఆశా కేర్ ట్రస్ట్ సుమారు 300 మందిని అడిగితే 85 శాతం అప్పు చేశామన్నారు. ఆ అప్పుల్లో అత్యధికం ఇంటి యజమానురాళ్ల నుంచి, మేనేజర్ల నుంచి, వడ్డీ వ్యాపారుల నుంచి. సోనాగాఛీలో ఇంకో సంస్థ సర్వేలో 89 శాతం అప్పుల్లో చిక్కుకున్నారని వచ్చింది. ఎవరికి పనిచేస్తున్నారో వాళ్ల దగ్గరే అప్పు చేయడం అంటే రేపటి రేటును ఇవాళే అమ్ముకోవడం. మార్కెట్ తిరిగొచ్చాక గిరాకీ పెరిగినా ఆ పెరుగుదల అప్పు ఇచ్చినవాడికే పోతుంది. కమీషన్ కొట్టులో పెట్టుబడికి డబ్బు తీసుకున్న రైతు అదే కొట్టుకి, వాళ్లు చెప్పిన ధరకి కాయ వేయక తప్పదు. ఇదీ అంతే.

బ్యాంకు అప్పులున్నవాళ్లకి ఆర్బీఐ 2020 మార్చి 27న మూడు నెలలు, ఆ తర్వాత ఆగస్టు 31 దాకా వాయిదాల గడువిచ్చింది. పొద్దున వెయ్యి తీసుకుంటే తొమ్మిదొందలు చేతిలో పెట్టి రోజూ వసూలుకి వచ్చేవాడికి ఏ ఆర్బీఐ సర్క్యులరూ వర్తించదు.

పైమెట్టు: ఫోనులోకి మారిన బేరం

‘ఎస్కార్ట్’ అనే మాట మార్కెట్‌కి పైమెట్టు. ఫోటో, ప్రకటన, హోటలు, ఆన్‌లైన్ చెల్లింపు. కరోనా రెండు మెట్ల మధ్య దూరాన్ని పెంచింది. స్మార్ట్‌ఫోను, విడి గది, ఇంగ్లీషు నాలుగు ముక్కలు ఉన్నవాళ్లు వీడియో కాల్‌కి మారగలిగారు. యూపీఐ లావాదేవీలు 2020 ఏప్రిల్‌లో నెలకి వంద కోట్లలోపుకి పడిపోయి, అక్టోబరుకల్లా రెండు వందల కోట్లు దాటాయి. ఆరు నెలల్లో దేశం మొత్తం డబ్బు ఇచ్చిపుచ్చుకునే అలవాటు మార్చుకుంది. ఈ వృత్తి కూడా మార్చుకుంది.

దానివల్ల ధరకి రెండు ఫలితాలు. మధ్యవర్తిని దాటేసి పాత నంబర్లతో నేరుగా మాట్లాడుకోగలిగితే అతని వాటా మిగులుతుంది. అయితే చీకటి లాడ్జిలో వాడు ఎలాంటివాడో ముందే చూసి చెప్పే మనిషి పోతాడు. మధ్యవర్తి దోచుకుంటాడు, నిజమే. కానీ పోలీసు వస్తే ముందు పరిగెత్తుకొచ్చి చెప్పేదీ చాలాసార్లు అతనే. రెండోది, ఫోనులో చెల్లిస్తే ఆనవాలు ఉంటుంది. చిన్న ఊళ్లో ఫోన్‌పేలో పేరు కనిపించడమే ప్రమాదం.

ఫోను వచ్చినంత మాత్రాన దళారీ పోలేదు, పెద్దవాడయ్యాడు. 2022 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా సంగతి చూడండి. వెబ్‌సైట్లలో ప్రకటనలు, వేరే ఊళ్లలో కాల్ సెంటర్లు, వాట్సాప్‌లో బేరాలు. ఆ వలలో 14,190 మంది మహిళలున్నారని పోలీసులు ప్రకటించారు. వీధి చివర నిలబడ్డ ఒక్క దళారీ స్థానంలో జీతాల మీద పనిచేసే ఆఫీసు వచ్చింది. అటు కొనేవాడి వైపు మోసాలు పెరిగాయి: ముందు డబ్బు పంపమని మాయమయ్యేవాళ్లు, నగ్న వీడియో కాల్ రికార్డు చేసి బెదిరించేవాళ్లు. ఇలా దెబ్బతిన్న కొనుగోలుదారు ఆ తర్వాత ఎవరికీ ముందుగా రూపాయి ఇవ్వడు. అడ్వాన్సు అడిగే హక్కు నిజంగా పనిచేసేవాళ్లకీ పోయింది.

సాయం అందిన తీరు

సుప్రీంకోర్టులో బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసు 2010 దశకం మొదటి నుంచీ నడుస్తూ వచ్చింది. ఒక మహిళ హత్యకేసులో అప్పీలుగా మొదలై, సెక్స్ వర్కర్ల గౌరవ జీవనం దాకా విస్తరించింది. 2020 సెప్టెంబరు 29న ఆ కేసులోనే కోర్టు చెప్పింది: నాకో గుర్తించిన సెక్స్ వర్కర్లకి గుర్తింపు కార్డు అడక్కుండా రేషన్ ఇవ్వండి. నాకో లెక్క 8.68 లక్షల మంది. 2021 డిసెంబరు 14న ఓటరు కార్డు, ఆధార్, రేషన్ కార్డు ఇవ్వమంది. మహారాష్ట్ర ఒకడుగు ముందుకేసి 2020 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెలకి ఐదు వేలు, బడికెళ్లే పిల్లలుంటే ఇంకో రెండున్నర వేలు ప్రకటించింది.

మన దగ్గర చిక్కు వేరే రకం. నాకో జాబితాలో పేరుండాలంటే ప్రాజెక్టులో నమోదు కావాలి. నమోదు కావడమంటే కనీసం పదిమందికి తెలియడం. ఇంటి దగ్గర గుట్టుగా చేసే మనిషి, యాభై ఇళ్లకి ఒక వాలంటీరు ఉన్న రోజుల్లో, ‘నేను ఫలానా’ అని చెప్పి బియ్యం తెచ్చుకుంటుందా? అయితే ఇందులోనే ఒక మంచీ ఉంది. గుట్టుగా ఉన్న మనిషికి గృహిణిగా తెల్లకార్డు ఉంది. ఏప్రిల్‌లో రాష్ట్రం కార్డుకి ఇచ్చిన వెయ్యి రూపాయలు, కేంద్రం మనిషికి ఐదు కిలోల బియ్యం, జన్‌ధన్ ఖాతాలో మూడు నెలలు ఐదొందల చొప్పున అందరితో పాటు ఆమెకీ వచ్చాయి. కలకత్తా వాడలో కార్డు లేని మనిషికి కోర్టు చెప్పాక కూడా కష్టమైన బియ్యం, ఇక్కడ ఎవరూ ఏమీ అడక్కుండానే వచ్చాయి. ఇంటి అద్దె, వడ్డీ మాత్రం బియ్యంతో తీరవు. గృహిణిగా ఆమె కడుపు నిండింది, పనిచేసే మనిషిగా ఆమె పోగొట్టుకున్న సంపాదన ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

బయటి దేశాల్లోనూ కథ ఇంచుమించు ఇదే. ఈ పని చట్టబద్ధమైన నెదర్లాండ్స్‌లో 2020 జూలై 1న, స్విట్జర్లాండ్‌లో జూన్ 6న తిరిగి తెరిచారు. జపాన్ తన సాయం పథకంలో మొదట వీళ్లని మినహాయించి, విమర్శలొచ్చాక ఏప్రిల్‌లో చేర్చుకుంది. బంగ్లాదేశ్ దౌలత్‌దియా వాడలో మార్చిలోనే మూసి బియ్యం పంచారు. పని చట్టబద్ధమా కాదా అన్నదాని కన్నా, ఆమె పేరు ఏ రిజిస్టరులో, ఏ హోదాలో ఉందన్నదే ఆ ఏడాది ఎక్కువ తేడా చూపింది.

రెండు శిబిరాలు

ఇది వృత్తా, దోపిడీయా అన్న ప్రశ్న మీద మన దేశంలో రెండు బలమైన వాదనలున్నాయి. ఒకటి, ఇది వృత్తి, ఇందులో ఉన్నవాళ్లు కార్మికులు, వాళ్లకి హక్కులు కావాలనేది. జాతీయ సెక్స్ వర్కర్ల నెట్‌వర్క్, దుర్బార్ ఈ వైపు. 2020 అక్టోబరులో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఒక సూచనలో వీళ్లని అసంఘటిత కార్మికులుగా గుర్తించమనడంతో ఈ వాదనకి బలం వచ్చింది. అభ్యంతరాలు రావడంతో ఆ సూచనను తర్వాత సవరించారు. రెండోది, ఇది దోపిడీ, బయటపడేయడమే పరిష్కారమనేది. హైదరాబాద్ మెహబూబ్ కీ మెహందీ వాడను ఖాళీ చేయించిన 1996లోనే పుట్టిన ప్రజ్వల సంస్థ, ఆంధ్రలో బాధితులే కట్టుకున్న విముక్తి సమాఖ్య ఈ వైపు.

ధర దగ్గరికి వస్తే ఇద్దరికీ కొన్ని చిక్కులున్నాయి. వృత్తి అనేవాళ్లు చెప్పాలి: ఇష్టంతో కుదిరిన బేరమైతే, ఇంట్లో బియ్యం అయిపోయిన రోజు కుదిరిన బేరం ఎంతవరకు ఇష్టం? దోపిడీ అనేవాళ్లు చెప్పాలి: గిరాకీని నేరంగా చేసి నలిపేస్తే ధర ఎవరి చేతిలో పడుతుంది? లాక్‌డౌన్ ఒక రకంగా ఆ ప్రయోగమే. గిరాకీ ఒక్క రాత్రిలో అంతమైంది. ఆ మహిళలు వేరే పనికి పోలేదు, అప్పుకి పోయారు. గిరాకీ ఆపడం ఒక్కటే విముక్తి తేదని దీన్నుంచి అర్థం చేసుకోవచ్చు.

2022 మే 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం రాజ్యాంగం 142వ అధికరణం కింద ఇచ్చిన ఆదేశాలు ఈ గొడవని పూర్తిగా తేల్చలేదు. కానీ కొన్ని పనులు చెప్పాయి: పోలీసులు వీళ్లని గౌరవంగా చూడాలి, తిట్టకూడదు, కొట్టకూడదు, దాడులప్పుడు పత్రికలు వాళ్ల ఫోటోలు, వివరాలు బయటపెట్టకూడదు. వేశ్యాగృహం నడపడం 1956 చట్టం కింద నేరంగానే ఉంది. మన జిల్లా పేజీల్లో ‘వ్యభిచార గృహంపై దాడి, ఇద్దరు విటులు అరెస్టు’ అన్న వార్త ఈ రోజుకీ అదే మూసలో వస్తుంది. విటుడి పేరు చాలాసార్లు ఉండదు, ఇల్లున్న వీధి ఉంటుంది. చిన్న ఊళ్లో వీధి పేరు చాలు. ఆ వార్త వచ్చిన మర్నాడు ఆ ఇంటి అద్దె పెరుగుతుంది. రేటులో కలిసే ఖర్చుల్లో పరువు కూడా ఒకటి, దాని వాటా గది అద్దె రూపంలోనే కడతారు.

ఆగే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది

కలకత్తాలో స్మరజిత్ జానా 1992లో సోనాగాఛీ ఆరోగ్య ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు కండోమ్ పంచడమే పని. మూడేళ్లలో ఆయనకి, ఆ మహిళలకి అర్థమైంది: కండోమ్ వద్దన్నవాణ్ణి వెళ్లిపొమ్మనాలంటే, ఆ రోజు సంపాదన పోయినా గడవాలి. అందుకే 1995లో ఉషా సహకార సంఘం పెట్టుకున్నారు. గృహిణులుగా నమోదు చేసుకోమంటే ఒప్పుకోలేదు. సభ్యులకి సత్ప్రవర్తన ఉండాలన్న నిబంధన దగ్గర వాదించి, తమ వృత్తి పేరుతోనే నమోదయ్యారు. పొదుపు, అప్పు, అంతే. మన భాషలో చెప్పాలంటే అది వాళ్లు కట్టుకున్న కోల్డ్ స్టోరేజీ. జానా 2021 మే 8న కరోనాతోనే చనిపోయారు.

పల్నాడులో అలాంటి పేరుతో సంఘం పెట్టడం ఇప్పట్లో జరగదు, పెట్టినా ఎవరూ చేరరు. గుట్టే ఇక్కడ పెట్టుబడి. కానీ ఇక్కడ డ్వాక్రా సంఘాలున్నాయి, వాటిలో ఈ మహిళలూ ఉన్నారు, పక్కింటావిడతో పాటు సంతకం పెడుతూ. సంఘంలో పొదుపు ఉండి, కష్టకాలంలో చేతికందే చిన్న అప్పు రోజువారీ వడ్డీ వాడికంటే ముందు దొరికితే, ఆ మనిషి ఎవరో, ఏం పని చేస్తుందో ఎవరూ అడగాల్సిన పని లేదు. రేషన్ కార్డు దగ్గర పనిచేసిన కిటుకు ఇదే కదా: అడగలేదు కాబట్టే అందింది.

కరోనా గురించి రాసేవాళ్లు ఈ వృత్తిలో రేటు ఎంతకి పడిపోయింది, తర్వాత ఎంతకి లేచింది అని అంకె కోసం వెతుకుతారు. ఆ అంకె లాడ్జికీ లాడ్జికీ మారుతుంది. మారనిది ఇంకోటి ఉంది. 2020 వేసవిలో ఇంట్లో పది రోజులకి సరిపడా బియ్యం, నెల అద్దె ఉన్న మనిషి పదో రోజున కూడా ‘ఆ డబ్బుకి రాను’ అని ఫోన్ పెట్టేయగలిగింది. రెండు రోజులకే బియ్యం ఉన్న మనిషి మూడో రోజు పొద్దునే ఫోన్ ఎత్తింది. ఆ మధ్యలో ఉన్న ఎనిమిది రోజులే వాళ్లిద్దరి రేట్ల మధ్య తేడా.